రెండేళ్ల కిందట లేని జలపాతం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జులై నెలాఖరులో, నాకు అలవాటు లేని పని ఒకటి అప్పగించారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో సందర్శకులు పోదగ్గ జలపాతాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తిరిగి చూసి నివేదిక ఇవ్వాలి. అప్పటికి నేను నీటిపారుదల శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును. ఊళ్లలో అంత పొడుగ్గా పలకరు, 'డీఈ మేడం' అంటారు. నా కింద మండలాలు చూసే అసిస్టెంట్ ఇంజనీర్లు, అంటే ఏఈలు; నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ. చెరువు కట్టలు, తూములు, కాలువలు మా లోకం. జలపాతం మా శాఖ పద్దులో లేదు. అయినా ఫోన్లలో వీడియోలు చూసి జనం దారీతెన్నూ లేని గుట్టల్లోకి పోతున్నారనీ, నీళ్ల సంగతి తెలిసినవాళ్లు ముందుగా చూసి రావాలనీ పైవాళ్లు నిర్ణయించారు.

ప్రతి చోట నేను తేల్చవలసినవి కొన్నే. నీరు ఎక్కడి నుంచి వస్తోంది, వానాకాలం దాటాక ఎన్నాళ్లు పారుతుంది, బండి ఎక్కడిదాకా పోతుంది, అక్కడి నుంచి నడక ఎంత, మనుషులు నిలబడే చోటు గట్టిదా కాదా.

నేను పుట్టి పెరిగింది జనగామలోనే. సంగతి విని మా అక్క నవ్వింది. "జనగామల జలపాతమా? నల్లాల నీళ్లు దుంకితే గదే మనకు జలపాతం" అంది. ఆమె మాట చాలావరకు నిజమే. రఘునాథపల్లి వైపు రెండు రోజులు తిరిగితే జనం నాకు చూపించినవన్నీ మత్తళ్లే. చెరువు నిండాక ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన కట్టే రాతి గోడను మత్తడి అంటారు. అది దుంకుతున్నప్పుడు పిల్లలు స్నానాలు చేస్తారు, పెద్దలు చేపలు పడతారు. చూడ్డానికి బాగుంటుంది కానీ జలపాతం కాదు. జనగామ జిల్లాకు 'లేదు' అని రాసి ముందుకు పోయాను.

శాఖ జీపు నడిపేది యాకూబ్. దంతాలపల్లి మనిషి, మహబూబాబాద్ జిల్లా డొంకదారులన్నీ అతనికి తెలుసు. తెలిసినా తిట్టకుండా నడపడు. గూడూరు అడవి వైపు పోతున్నప్పుడు చక్రాలు ఇరుసుదాకా బురదలో దిగబడ్డాయి. "మేడం, గీ దారికి రోడ్డని పేరెవలు పెట్టిండ్రో గాని ఆల్లను ఒక్కపారి గీ జీపుల కూసోబెట్టాలె" అన్నాడు. రాళ్లేసి, కొమ్మలు కొట్టి పరిచి బండిని బయటికి తీశాం. మిగిలిన దూరం అటవీ శాఖ మనిషి ఒకరు ముందు నడవగా టేకు చెట్ల మధ్య నడిచాం. వాగు చప్పుడు చాలాసేపు వినిపిస్తూనే ఉంది గానీ కనిపించలేదు. చెట్లు పలచబడ్డ చోట ఒక్కసారిగా కనిపించింది. నల్లటి బండ అంచు మీద నుంచి నీరు వెడల్పుగా జారి కింద మడుగులో పడుతోంది. నేను మడుగు పక్కకు దిగి బండను తట్టి చూశాను. అంచు కింద నాచు పట్టి ఉంది, ఒక్క రాయి కూడా కొత్తగా విరిగిన జాడ లేదు. తాతల నాటి నుంచీ నీరు ఇక్కడే పడుతోందని అటవీ శాఖ మనిషి అన్నాడు. బండను చూస్తే నమ్మబుద్ధయింది. ఆ జిల్లాలో అలాంటివి మరికొన్ని చూశాం. కొన్నిటికి దారి బాగాలేదు, కొన్నిటికి మెట్లు కావాలి. నీరు పడే చోటు మీద మాత్రం నాకు అనుమానం రాలేదు.

ఆగస్టు మధ్యలో భూపాలపల్లి జిల్లాలోకి వచ్చాం. రేగొండ మండలంలో ఒక ఊరి చెరువు కింద కొత్త జలపాతం ఉందనీ, ఆదివారాలు కార్లూ ఆటోలూ వరస కడుతున్నాయనీ అప్పటికే విన్నాను. ఊరి పేరు రాయను. సర్పంచి సరోజన రోడ్డు దాకా ఎదురొచ్చింది. నలభై దాటని మనిషి, మాట చురుకు. పత్తి చేలల్లో కూలి చేస్తూనే సర్పంచి అయిందని యాకూబ్ తరువాత చెప్పాడు. వెదురు బొంగులతో కట్టించిన కంచె, బండ్లు నిలిపే జాగా, ఉడికించిన కంకులూ మిర్చి బజ్జీలూ అమ్మే ఆడవాళ్ల పాకలు ఒక్కొక్కటే చూపించింది.

"మా ఆడోళ్లు కూలికి పరకాల దాకా పోతుండె మేడం. గిప్పుడు ఊళ్లెనే నాలుగు పైసలు కండ్ల చూస్తున్నరు. మీ కాగితంల మా ఊరి పేరు ఎక్కాలె" అంది.

నీరు నిజంగా అందంగానే పడుతోంది. ఎర్రటి నిలువు గట్టు మీద నుంచి రెండు నిలువుల లోతుకు దూకుతోంది. నేను అలవాటుగా అడిగాను, ఇది ఎప్పటి నుంచి ఉందని.

"రెండేండ్ల కింద లేకుండె మేడం. దేవుడిచ్చిండు" అంది సరోజన.

ఆ జవాబు నాకు నచ్చలేదు. కాలువ వెంట పైకి నడిచాను. కాస్త దూరంలోనే చెరువు మత్తడి ఉంది. మత్తడి మీద నుంచి పొర్లిన నీరే కాలువలో పారి వచ్చి ఇక్కడ దూకుతోంది. కింద ఎవరో రోడ్లకు పోసే మొరం మట్టి కోసం లోతుగా తవ్వి వదిలేశారు. మెల్లగా వాలుగా పోవలసిన నీటికి ఆ గుంత దగ్గర నిలువు గట్టు దొరికింది. పైన ఉన్నది గట్టి మొరం పొర, కింద ఉన్నది మెత్తటి మన్ను. నీరు దూకిన చోట కింది మన్ను కొట్టుకుపోతుంది, పైపొర గాలిలో నిలబడుతుంది, చివరికి బరువుకు విరిగి పడుతుంది. అంచు వెనక్కి జరుగుతుంది. మళ్లీ అదే మొదలు. అంటే ఆ జలపాతం ఒక చోట నిలబడి లేదు. చెరువు వైపు నడుస్తోంది. మత్తడి పునాది దాకా వస్తే గోడ పడిపోతుంది, చెరువు మొత్తం ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. కింద వరి పొలాలున్నాయి, వాటికి ఆవల ఒక తండా ఉంది.

అంచు నుంచి మత్తడి దాకా టేపు పట్టించి, అంచు దగ్గర సున్నంతో గీత గీయించి వచ్చాను. తరువాతి వారం గట్టి వాన పడింది. మళ్లీ వెళ్లేసరికి సున్నం గీత లేదు, అది ఉన్న నేల లేదు.

ఈఈ గారికి ఫోన్‌లో చెప్పాను. ఆయన కొట్టిపారేయలేదు. ఆ చోటును 'సిఫారసు చేయలేదు' అని రాసేయమన్నారు. వరద కాలంలో చెరువుకు ప్రమాదం ఉంటే మంజూరు కోసం ఆగకుండా తాత్కాలిక పని మొదలుపెట్టే వీలు మాకు ఉంటుంది, తరువాత ఆమోదం తీసుకోవాలి. అలాగే మొదలుపెట్టమన్నారు. ఊరివాళ్లు అడ్డుపడితే పని సాగదు, ముందు వాళ్లను ఒప్పించండి అని కూడా అన్నారు. కష్టమైనది ఆ చివరి మాటే.

పని అంటే గుంతను పెద్ద బండరాళ్లతో నింపి, నీరు దూకకుండా రాళ్ల మీద మెట్లుమెట్లుగా దిగేట్టు చెయ్యడం. అంటే జలపాతాన్ని తీసేయడం. సరోజనకు అదే మాట చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

"నీళ్లు పడ్డంక జర మన్ను పోదా మేడం? గంత మాత్రానికే బందు పెట్టమంటే ఎట్ల? ఆడోళ్లకు నేనేం చెప్పాలె?"

"మత్తడి పోతే ఏం చెప్తవు?"

"మా తాతలు కట్టిన మత్తడి. ఎన్ని వానలు చూడలే అది!"

లెక్కలు చెప్పి లాభం లేదనిపించింది. కిందికి రమ్మన్నాను. ఆ రోజు ఆదివారం, వాన తెరిపిచ్చి నీటి ధార సన్నబడింది. ఓ పక్క నుంచి చెప్పులు చేత పట్టుకుని దిగాం. ధార వెనక్కి తొంగి చూస్తే లోపల మనిషి నిలబడేంత గుహ ఉంది. దాని కప్పు నుంచి గడ్డివేళ్లు వేలాడుతున్నాయి. నేను గోడకు చెయ్యి ఆనించాను, పిడికెడు మన్ను తడి బెల్లంలా ఊడి వచ్చింది. సరోజన చెయ్యి పెట్టింది. ఆమెకూ అలాగే వచ్చింది. అప్పుడే పైనుంచి నవ్వులు వినిపించాయి. ఎవరో ఫోటో కోసం అందరినీ దగ్గరికి జరగమంటున్నారు. మా భుజాల మీద సన్నగా మన్ను రాలింది.

సరోజన కప్పు వైపు చూసింది. వెదురు కంచె, మనుషులు, పాపలను ఎత్తుకున్న తల్లులు ఉన్నది ఆ కప్పు మీదే.

"ఎన్కకు జరగుండ్రి! ఎన్కకు జరగుండ్రి!" అని అరుస్తూ బురదలో జారుతూ పైకి ఉరికింది. నేను చేరుకునే లోపల ఒక్కొక్కరి రెక్క పట్టి అవతలికి లాగుతోంది. పరకాల నుంచి వచ్చిన ఒకాయనకు కోపం వచ్చింది. "నీ జాగీరా?" అని అడిగాడు. "జాగీరు కాదన్నా, పానం" అంది.

ఆ సాయంత్రమే దారికి అడ్డంగా తుమ్మ కంప వేయించింది. బజ్జీల కొమురమ్మ, కంకుల ఆడవాళ్లు ఆమెతో తగాదా పడ్డారు. ఓట్లేసింది గిందుకేనా అన్నారట. ఆమె కంప తీయలేదు. మరో రెండు వానలకు అంచు కూలింది. వెదురు కంచె కూడా దాంతోపాటే పోయి గుంతలో బురద కింద పడింది. అక్కడ మనుషులెవరూ లేరు.

ఆ తరువాత నేను ఎవరినీ ఒప్పించవలసిన అవసరం రాలేదు. ఊళ్లో ఉన్న ట్రాక్టర్లన్నీ బండరాళ్లు తోలాయి. మా ఏఈ దగ్గరుండి మత్తడి కింద ఇసుక బస్తాలు పేర్పించాడు. నీటిని ఒక పక్కకు మళ్లించి, గుంతను అడుగు నుంచి రాళ్లతో పేర్చుకుంటూ వచ్చాం. సెప్టెంబరులో చెరువు మళ్లీ నిండి మత్తడి దుంకింది. నీరు రాళ్ల మీద నురగ కట్టుకుంటూ దిగి కాలువలో పడి పోయింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. చూడ్డానికి వచ్చిన ఒకటి రెండు కార్లు ఆగకుండానే తిరిగిపోయాయి.

చివరి తనిఖీకి పోయిన రోజు కొమురమ్మ పాక విప్పుకుంటోంది. "చెరువు బతికింది, మంచిదే మేడం. మా పొయ్యి ఎట్ల మండాలె?" అని అడిగింది. తిట్టినట్టు కాదు, తెలుసుకోవాలన్నట్టే అడిగింది. ఉపాధి చూడడం మా శాఖ పని కాదు. నివేదికలో మాత్రం, మూసేసిన చోటు వల్ల ఉపాధి పోయినవారికి వేరే ఏర్పాటు చూడాలని ఒక వాక్యం చేర్చాను. దాని మీద ఏ చర్యా జరిగినట్టు నాకు తెలియదు. చలికాలంలో యాసంగి పంటకు చెరువు కింద నాట్లు పడ్డాయి, ఆ ఆడవాళ్లు అక్కడికే కూలికి పోయారని విన్నాను. సరోజన తరువాతి ఎన్నికల్లో ఓడిపోయింది.

కొత్తగా చేరిన ఇంజనీర్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. జలపాతమంటే నీరు నేలను తవ్వుతున్న చోటు. కింద బండ ఉంటే అది చూడదగ్గ స్థలం, మన్ను ఉంటే అది చేయవలసిన మరమ్మతు. పైన నిలబడి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. సంతకం పెట్టేవాళ్లు కిందికి దిగాలి, నష్టపోయేవాళ్లను కూడా వెంట దింపాలి.