తల కదిపి చూసే బాబాయి

మా బాబాయి ఏ వస్తువునూ ఒక్క చూపులో చూసి ఊరుకోడు. ముందు తల ఎడమకి జరుపుతాడు, తర్వాత కుడికి, ఆపైన కాస్త పైకి, కాస్త కిందికి. ఇదంతా అయ్యాకే ఆ వస్తువు అక్కడుందని ఒప్పుకుంటాడు. గోడ గడియారమైనా అంతే, టమాటాలైనా అంతే, ఇంటికొచ్చిన మనిషైనా అంతే. కొత్తవాళ్లు తమని రావద్దంటున్నాడేమోనని గుమ్మంలోనే ఆగిపోయేవారు. "లోపలికి రండి, ఆయన మిమ్మల్ని సరిచూస్తున్నాడు, అంతే" అని అమ్మ ఎదురెళ్లి పిలవాల్సి వచ్చేది.

అప్పట్లో మా ఇంట్లో ఉన్న ఏ ఫోటోలోనూ బాబాయికి మొహం లేదు. ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తగానే బాబాయి ఆ కెమెరాను సరిచూడడం మొదలుపెడతాడు. పెళ్లి ఫోటోలో పిన్ని పక్కన ఒక సూటు నిలబడి ఉంటుంది, కాలర్ పైన అంతా మసక. "రేపెవరైనా నీ మొగుడెవరని అడిగితే నేనేం చూపించను?" అని పిన్ని ఆ ఫోటో తుడిచినప్పుడల్లా అడిగేది.

అసలు పిన్ని పరిచయమైందే ఆ తల వల్ల. ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. బాబాయి వెళ్లి అక్షరాల బోర్డు ముందు కూర్చుని తల నాలుగు వైపులా తిప్పాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి అదే పని చేశాడు.

"మీకు కావలసింది కళ్లజోడు కాదండీ, ఎముకల డాక్టరు. వీధి చివర ఉంటారు."

"మెడ బాగానే ఉందండీ. మీరు ఎటునుంచి చూసినా ఒకేలా ఉన్నారు. అలాంటివాళ్లు అరుదు."

దాన్ని పొగడ్త అనుకోవాలో వద్దో తేల్చుకోవడానికి తనకి ఏడాది పట్టిందని పిన్ని అనేది. ఈలోగా పెళ్లయిపోయింది.

బాబాయి వృత్తే అలాంటిది. ఊరి చివర షూటింగ్ క్లబ్బులో రైఫిళ్ల మీది స్కోపులు సరిచేసేవాడు. స్కోపంటే దూరాన్ని దగ్గర చేసి చూపే గొట్టం. లోపల సన్నటి నిలువుగీత, అడ్డగీత ఉంటాయి, అవి కలిసే చోటే గురి. నాకు అర్థమయ్యేలా చెప్పడానికి బాబాయి నా వేలు నా మొహం ముందు నిలబెట్టించాడు.

"ఒక కన్ను మూసి ఆ కరెంటు స్తంభం మీద వేలు పెట్టు. ఇప్పుడు తల జరుపు. ఏమైంది?"

"వేలు స్తంభం మీంచి పక్కకి పోయింది బాబాయ్."

"వేలు కదిలిందా?"

"లేదు, నా తలే కదిలింది."

"అదేనమ్మా పారలాక్స్. స్కోపులో గీతలొక చోట, అవతలి బొమ్మ ఇంకో చోట నిలిస్తే, తల కాస్త జరిగినా గురి జరిగినట్టుంటుంది. పక్కనున్న మర తిప్పి రెండిటినీ ఒక్క చోటికి తేవాలి. బొమ్మ తేటగా ఉందని మురిసిపోకూడదు. తల కదిపి చూడాలి. అప్పుడు కూడా గీత కదలకపోతేనే నిజం."

ఇక నాన్న సంగతి. నాన్న బాబాయికి అన్నయ్య, ఆ క్లబ్బులో పేరున్న షూటరు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్లేవారు. బాబాయి స్కోపు సరిచేసి ఇస్తే, నాన్న తనకి కేటాయించిన రెండో వరసలో పడుకుని కాల్చేవాడు. క్లబ్బుల మధ్య జరిగిన పోటీలో ఫైనల్ దాకా కూడా అలాగే వెళ్లారు. ఫైనల్లో మాత్రం నాన్న గుళ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. రైఫిల్ కింద పెట్టి, నలుగురి ముందూ తమ్ముణ్ని నిలదీశాడు.

"ఏం సరిచేశావురా నువ్వు?"

బాబాయి రైఫిల్ తీసి స్కోపులోంచి చూశాడు. తల ఎడమకి, కుడికి.

"తప్పు నాదే అన్నయ్యా. సరిగ్గా పెట్టలేదు."

ఆ మధ్యాహ్నం నుంచి నాన్న క్లబ్బు గడప తొక్కలేదు. బాబాయి తల ఊపుడు మాత్రం వంద రెట్లయింది. అంతకుముందు పనిలోనూ, కొత్త మనుషుల ముందూ, కెమెరా ముందూ మాత్రమే తల కదిపేవాడు, అప్పటినుంచి కంచం ముందు, పేపరు ముందు, దువ్వెన ముందు కూడా మొదలైంది. చేసిన తప్పు మనసులో పడిపోయిందని అందరూ జాలిపడేవారు.

ఇంట్లో అన్నదమ్ములు అన్నీ మాట్లాడుకునేవారు, ఒక్క స్కోపు మాట తప్ప. ఆదివారం వస్తే మాత్రం బాబాయి స్కూటర్ తుడిచి, గేటు దగ్గర నిలబెట్టి అడిగేవాడు.

"అన్నయ్యా, అలా వస్తావేంటి?"

"పనుందిరా."

పనంటే ఏమీ లేదు. బాగా తిరుగుతున్న ఫ్యాను విప్పడం, విప్పాక అది తిరక్కపోవడం. బాబాయి కాసేపు చూసి ఒక్కడే వెళ్లేవాడు. వెనక సీటు మీద సంచీ కూడా పెట్టేవాడు కాదు, ఒళ్లో పెట్టుకుని అవస్థపడుతూ నడిపేవాడు. క్లబ్బులో రెండో వరస తనే ఊడ్చి, ఇసక సంచులు సర్ది, ఎవరైనా అడిగితే "అన్నయ్య వస్తాడు" అనేవాడు. నేను పెద్దదాన్నై క్లబ్బులో చేరాక ఆ మాట నా చెవులతో విన్నాను. అన్నయ్య ఇంట్లో ఫ్యాను విప్పుతున్నాడని తెలిసి కూడా అంత నమ్మకంగా ఎలా అంటాడో నాకు అర్థమయ్యేది కాదు.

చివరికి క్లబ్బు సెక్రటరీ కూడా విసిగిపోయాడు. "మీ అన్నగారి వరస ఆదివారం కొత్తవాళ్లకి ఇచ్చేస్తున్నామండీ. ఫోటోగ్రాఫర్ని కూడా పిలిచాం" అన్నాడు. బాబాయి నాన్న స్కోపు ఒక్కటీ విప్పి, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు. రైఫిల్ క్లబ్బులోనే ఉండాలి మరి. స్కోపుని కిటికీ దగ్గర బల్లకి బిగించి, ఎదురింటి నీళ్లట్యాంకు మీద సరిచేసి, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినకుండానే పడుకున్నాడు.

ఆదివారం పొద్దున నేను కాఫీ తీసుకుని వచ్చేసరికి నాన్న ఆ కిటికీ దగ్గర వంగి ఉన్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఊరికే చూస్తున్నానమ్మా. ట్యాంకు మసగ్గా ఉంది." చెయ్యి దానంతటదే పక్కమర మీదికి పోయింది. ఒక తిప్పు తిప్పాడు. "ఇప్పుడు తేటగా ఉంది."

"తల కదిపి చూడు నాన్నా."

"నువ్వు కూడా మొదలుపెట్టావా?" అంటూనే కదిపాడు. ఎడమకి, కుడికి. మొహంలో నవ్వు మాయమైంది. "గీత ట్యాంకు దాటి పోతోందేంటి? మళ్లీ సరిగ్గా పెట్టలేదా వీడు?"

"బాబాయి సరిగ్గానే పెట్టాడు. నువ్వే తిప్పావు."

"మసగ్గా ఉంటే తిప్పనా? నేనెప్పుడూ తిప్పు..."

మాట సగంలో ఆగిపోయింది. వెనక గుమ్మంలో స్కూటర్ తాళం పట్టుకుని బాబాయి నిలబడి ఉన్నాడు.

"ఏరా, ఆ రోజు కూడా తిప్పింది నేనేనా?"

బాబాయి తల ఎడమకి, కుడికి పోయింది.

"ఊపడం ఆపి చెప్పు. నీకు తెలుసా?"

"చూడగానే తెలిసింది అన్నయ్యా. మసగ్గా ఉంటే కంటి దగ్గరి రింగు తిప్పి నీ చూపుకి సరిచేసుకోవాలి, నువ్వేమో పక్కమర మీద పడతావు."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావు?"

"నా మీద కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. నీ మీద నీకే కోపమొస్తే ఎవరు పోగొడతారు?"

నాన్న పక్కమర మీంచి చెయ్యి తీసేశాడు. "కనీసం మర తిప్పొద్దని అయినా చెప్పకపోయావా?"

"చెబితే తెలిసిపోదూ? అందుకే చూపించాను. కంచం ముందు, పేపరు ముందు, దువ్వెన ముందు. నన్ను చూసి చూసి నీకూ అలవాటైతే, ఏదో ఒక రోజు నీ అంతట నువ్వే కనిపెడతావని. ఇంత మొద్దువనుకోలేదు."

వంటింట్లోంచి పిన్ని నవ్వు వినిపించింది. నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు, అవసరం కన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"ఫ్యాను విప్పనా, స్కూటర్ తీస్తావా?"

ఆ రోజు స్కోపు పెట్టిన బాబాయి సంచీ నాన్న ఒళ్లో ఉంది. వాళ్లు వీధి మలుపు తిరిగే దాకా నేను గేటు దగ్గరే ఉండి, తర్వాత ఆటో ఎక్కాను. వెళ్లేసరికి నాన్న రెండో వరసలో పడుకుని ఉన్నాడు, సెక్రటరీ కొత్తవాళ్లకి నచ్చజెబుతున్నాడు. పిలిచిన ఫోటోగ్రాఫర్ ఊరికే పోకూడదని అన్నదమ్ములిద్దరినీ నిలబెట్టి ఫోటో తీశాడు.

ఇప్పుడు ఆ ఊరికీ నాకూ చాలా దూరం. ఆదివారం పొద్దున ఏ స్కూటర్ చప్పుడు విన్నా కిటికీ దగ్గరికి వెళ్తాను. తర్వాత వచ్చి ఈ ఫోటో చూసుకుంటాను. అందులో బాబాయి మొట్టమొదటిసారి కదలకుండా, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ నిలబడ్డాడు. ఫోటో ఇంటికొచ్చిన రోజు పిన్ని దాన్ని వెలుతురులో పట్టుకుని, "హమ్మయ్య, ఈయనే. ఇన్నాళ్లూ సరైన మనిషితోనే కాపురం చేశాను" అంది.

అమ్మ మాత్రం పక్కనున్న ఆకారాన్ని చాలాసేపు చూసింది. నాన్న చొక్కా, నాన్న కండువా, కాలర్ పైన అంతా మసక.

"మరి రేపు నన్నెవరైనా అడిగితే నేనేం చూపించను?" అంది.