ఎండిన బోరు వైరుతో గుత్తిదాకా

బెళుగుప్ప దగ్గరి పల్లెలో ఉండే మా అక్కకు తొమ్మిదో నెల నడుస్తోంది. బావ బళ్ళారికి పనికి వెళ్ళాడు. "నొప్పులొస్తే ఈడ బండి దొరకదు, వచ్చి పిల్చుకోని పో" అని అక్క ఫోను చేయడంతో, మా గుత్తిలో డ్రైవరు సలీం పెట్రోలు వ్యాన్‌ను ఆరువందలకు మాట్లాడుకున్నాను. వరసగా వానలు తప్పిన రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. ఉదయం పదికి బయలుదేరి గుంతకల్లు, ఉరవకొండ మీదుగా ఒంటిగంటకు చేరాం. సంగటి, వేరుశనగల ఊరిబిండి తిని, రెండున్నరకు అక్కను ఎక్కించుకుని వెనుదిరిగాం.

ఉరవకొండకు ముందు రోడ్డు తవ్వి ఉండడంతో సలీం ఒక మట్టిబాట పట్టాడు. అరగంటకు, "అన్నా, చార్జింగ్ లైటు ఎర్రగా వెలుగుతాండాది" అన్నాడు. ఇంజను తడబడసాగింది. పెట్రోలు బండికి ప్లగ్గుల్లో నిప్పు పడాలంటే కరెంటు కావాలి. బ్యాటరీలో మిగిలింది కాస్తా అయిపోతే అక్కడే ఆగిపోతాం. వెనక సీట్లో నా పక్కన అక్క నడుం పట్టుకుని కూర్చుంది.

అంతలో ఒక ఊరు వస్తే, ఇంజను ఆపకుండానే సలీం బండి నిలిపాడు. ముప్పై ఇళ్ళుంటాయేమో, ప్రతి తలుపుకూ తాళం, గడపకు అడ్డంగా ముళ్ళకంప. కుక్క లేదు, కోడి లేదు. పట్టపగలే, గాలికి ఎక్కడో రేకు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప అలికిడి లేదు. అప్పుడు లోపలి వీధిలోంచి ఒక గొంతు: "లచ్చుమమ్మా, ఉండావా? గంగన్నా, ఉండావా?" జవాబు లేదు. కాసేపాగి ఇంకో పేరు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వీధి మలుపు తిరిగి వచ్చింది ఒక ముసలాయన. నడుముకు బోలెడు తాళంచెవులు. పేరు ఓబులేసు, ఒకప్పుడు లారీలకు వైరింగు పని చేసేవాడట. ఊరంతా కూలికి బెంగుళూరు పోతూ తాళాలు ఆయన చేతికిచ్చింది. "దినామూ పేరు పెట్టి పిలుస్తా. మనిషి గొంతు ఇనకపోతే ఇండ్లు సచ్చిపోతాయప్పా" అన్నాడు మామూలుగా.

మా సంగతి విని, ఇంజను ఆపొద్దని చెప్పి, వోల్టులు కొలిచే, ముల్లు తిరిగే పాత మీటరు తెచ్చాడు. బ్యాటరీ మీద పదకొండున్నర వోల్టులు. "బండి నడిచేటప్పుడు ఈడ పద్నాలుగు ఉండాల." ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించే బోల్టు మీద పెడితే పద్నాలుగున్నర. "కరెంటు పుడతాండాది, బ్యాటరీకి చేరడంల్యా. మధ్యలో వైరే తినేస్తాండాది." తొడుగు చీలిస్తే లోపల రాగి పచ్చటి పొడిగా రాలింది.

"నారాయణ ఇంట్లో బోరు మోటారు వైరు ఉండాది" అంటూ ఒక ఇంటి తాళం తీశాడు. లోపలికి పోలేదు. గడప బయటే నిలబడి, "నారాయణా, రెండు మూరల వైరు తీసుకుంటా" అన్నాడు. ఆగాడు. చీకటిగదికేసి తల ఊపి, "తీసుకోమన్నాడు" అన్నాడు.

"నారాయణ పోయినాడా?" అని అడిగాను.

"యాల పోతాడు? బెంగుళూరులో గోడలు కడతాండాడు. సచ్చింది బోరు."

ఇంజను ఆపి, ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పి, బోరు వైరు బిగించి, ఆ తీగ మళ్ళీ తగిలించాడు. బ్యాటరీకి బండిని స్టార్టు చేసే బలం లేక ముగ్గురం తోస్తే, సలీం ఎగిరి సీట్లో కూర్చుని గేరేశాడు. బండి దగ్గి, అందుకుంది. మీటరు పద్నాలుగు దాటింది. ఐదైంది.

నేను డబ్బులు తీయబోతే, "దుడ్లు వద్దులే. పొయ్యేటప్పుడు ఊరంతా ఇనేట్టు హారన్ కొట్టు. ఎవురో వచ్చినారని ఇండ్లు అనుకుంటాయి" అన్నాడు ఓబులేసు.

సలీం ఊరు దాటేదాకా కొట్టాడు. మూసిన తలుపులు ఆ మోతను తిరిగి మా మీదికి విసిరాయి. "లోపల ఎవురో గడియ తీసినట్టు ఇనపడిందిరా" అంది అక్క. ఎవరమూ వెనక్కి చూడలేదు. ఏడింటికి గుత్తి చేరాం. తెల్లారేసరికి పాప పుట్టింది.

అక్క విన్నది గాలికి కదిలిన తలుపే కావచ్చు. ఓబులేసు పిలిచినవాళ్ళు ఎక్కడో పనిలో ఉన్న మనుషులే. అయినా, పిలిచాక ఆయన జవాబు కోసం ఆగిన ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: బండిలో చిన్న మీటరు ఉంచుకోండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గరా, ఆల్టర్నేటర్ దగ్గరా రెండుచోట్లా చూడండి. ఆల్టర్నేటర్ దగ్గర పద్నాలుగు వోల్టులుండి బ్యాటరీ దగ్గర లేకపోతే, ఆల్టర్నేటర్ మార్చేముందు వైరు చూడండి.