ఏడు దేశాలు, ఒక ఆదివారం

మా ఆయన ఉద్యోగం ప్లానింగ్. ఏ పని ఏ తేదీన మొదలై ఏ తేదీకి ముగియాలో పెద్ద కాగితం మీద రంగురంగుల గీతలుగా వేయడం, ఆ గీతల ప్రకారం పని జరగకపోతే రోజంతా ఫోనులో అరవడం. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం ఖతార్ అంతా తవ్వి పోసిన రోజులవి. ఆయన కంపెనీ ఒక స్టేడియం చుట్టూ రోడ్లు, పార్కింగు కడుతోంది. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినా "అయిపోవస్తుందని మొన్ననే చెప్పొద్దా" అనే మనిషి ఆయన. అలాంటి మనిషి చేతికి యూరప్ ప్రయాణం అప్పగించాను. తప్పు నాదే.

దోహా వచ్చి తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళ సెలవులూ కరీంనగర్‌లోనే ఖర్చయ్యాయి. ఒక ఏడు ఎవరిదో పెళ్ళి, ఒక ఏడు ఇంటి రిజిస్ట్రేషన్, ఒక ఏడు మొత్తం మా ఆయన పంటి నొప్పి. ఆ సంవత్సరం కంపెనీ వాళ్ళు ముందే చెప్పేశారు. తీసుకునే సెలవేదో ఎండాకాలంలోనే తీసుకోవాలి, ఆ తరువాత ఆటలు ముగిసేదాకా ఎవరికీ సెలవు లేదు. పాపకు బడి సెలవులు, మా అక్క దగ్గరికి పంపాం. మా ఇద్దరికీ కలిపి పన్నెండు రోజులు చేతికొచ్చాయి.

యూరప్ మీద నాకు మోజు ఉంది, అబద్ధమెందుకు. కానీ దానికన్నా పెద్ద కోరిక ఒకటుంది. ఆయన ఒక్క రోజు, పొద్దున లేచినప్పటి నుంచి పొద్దుగూకేదాకా, నా పక్కన ఊరికే కూర్చోవాలి. ఫోను మోగకూడదు. తొమ్మిదేళ్ళలో అలాంటి రోజు ఒక్కటి లేదు. శుక్రవారం సెలవే, కానీ మధ్యాహ్నం దాకా నిద్ర, ఆ పైన సరుకులు, ఆ పైన మర్నాటి సైటు గొడవ. ఈ మాట ఆయనతో ముఖం మీదే చెప్పాను.

"గదెంత పని? ప్లాన్‌ల పెడ్త" అన్నాడు.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. చాప మీద పరిస్తే ముందు గది నిండిపోయేంత కాగితం తెచ్చాడు ఆఫీసు నుంచి. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డాం, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, రోమ్. ఏడు దేశాలు, ఏడు రంగులు. బ్రస్సెల్స్‌కు రెండు గంటల పది నిమిషాలు ఇచ్చాడు. అందులో భోజనం ఉంది, అదీ నిలబడి. పరిగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. ఈయన ప్లాన్‌లో నీళ్ళు కూడా పరిగెత్తుతూనే తాగాలి.

ఆయన నాకు మేనబావ. చిన్నప్పటి పిలుపు పెళ్ళయినా మారలేదు.

"బావా, ఇందుల కూసునేది ఏడుంది?" అని అడిగాను.

"రైల్ల కూసుంటం గదనే! మొత్తం ముప్పై ఒక్క గంటలు" అన్నాడు, నాకు వరమిచ్చినట్టు.

ఇలా కాదని మా క్లినిక్ కింద ఫార్మసీ నడిపే భాయ్‌ని చాయ్‌కి పిలిచాను. నేను అల్ సద్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేసేదాన్ని. భాయ్‌ది హైదరాబాద్. తమ్ముడు జర్మనీలో ఉంటాడు కాబట్టి ఆయన అటు రెండుసార్లు వెళ్ళొచ్చాడు. శుక్రవారం నమాజు తరువాత వచ్చి, చాప మీద కూర్చుని, ఏడు రంగులనూ చూసి కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు.

"దేశాలు లెక్కపెట్టకుర్రి భాయ్. స్టేషన్ నుంచి రూముకు, రూము నుంచి స్టేషన్‌కు, గదే చూసొస్తరు మీరు. ఊరు మారినప్పుడల్లా సగం దినం ఖతం."

ఆ తరువాత ఒక్కొక్కటే చెప్పాడు. పక్కపక్కన ఉన్న మూడు ఊళ్ళు చాలు. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో విమానం ఎక్కితే వెనక్కి వచ్చే ఖర్చు ఉండదు. పారిస్ వైపు ఒక్క రోజు ఖర్చుతో తూర్పు వైపు రెండు రోజులు బతకవచ్చు. పొయ్యి ఉన్న గది తీసుకుంటే సగం తిండి ఖర్చు తగ్గుతుంది. రైలు టికెట్లు ముందే కొంటే చవక, ఆ పూట కొంటే గుండె ఆగుతుంది. చవక విమానాల జోలికి మాత్రం పోవద్దన్నాడు.

"టికెట్ చవకనే, గానీ బ్యాగుకు వేరేగ గుంజుతరు. మనం గల్ఫోళ్ళం భాయ్. ముప్పై కిలోలు లేకుంటే ఇల్లు దాటం గద!"

వీసా సంగతి కూడా ఆయనే విప్పి చెప్పాడు. అన్ని దేశాలకూ కలిపి ఒకటే వీసా, కానీ ఎక్కడ ఎక్కువ రాత్రులుంటామో ఆ దేశం వాళ్ళకే దరఖాస్తు పెట్టాలి. ఏడు దేశాల్లో ఎక్కువ రాత్రులు ఎక్కడో మా ప్లాన్‌లో వెతికితే అసలు దొరకలేదు. దాంతో మా ఆయన దిగివచ్చాడు. రూళ్ళకర్ర పెట్టి పారిస్‌ను కొట్టేసేటప్పుడు ఆయన ముఖం చూడాలి, కట్టిన గోడను కూల్చమని ఆర్డరొచ్చినట్టు పెట్టాడు. రోమ్ దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగి, "ఇదన్న ఉండనీయకపోతివి" అన్నాడు నాతో, నేనేదో రోమ్‌కు అడ్డం పడ్డట్టు.

భాయ్‌ని సాగనంపడానికి కిందికి వెళ్ళిన మనిషి ముప్పావు గంట దాకా తిరిగి రాలేదు. వీధి చివర కరక్ చాయ్ తాగామన్నాడు. ఇంట్లో రెండు కప్పులు తాగిన తరువాత మళ్ళీ చాయ్ ఏమిటో అని గొణుక్కుని ఊరుకున్నాను.

వారానికి కొత్త ప్లాన్ తయారైంది. బుడాపెస్ట్ మూడు రాత్రులు, వియన్నా నాలుగు, ప్రాగ్ మూడు. చూస్తే నాకు ముద్దొచ్చింది, ఒప్పుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం దాకా గడి ఖాళీ. ఆదివారం గడిలో 'షాపింగ్, వంట సరుకులు' అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే ఆకుపచ్చ గీత. ఆదివారం జనమంతా డ్యూటీలో ఉంటారు, దుకాణాలు ఖాళీగా ఉంటాయి, ఎంత తెలివి అనుకున్నాను. అన్నీ చూశాను గానీ నేనడిగిన రోజు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

"నా రోజేదీ?" అన్నాను.

"అన్నీ పడ్తలేవే. సూద్దాం, నడుమల ఏడనన్న టైం మిగుల్తది."

ఒళ్ళు మండింది. పారిస్ పోతే పోయింది, రోమ్ పోతే పోయింది, నేనడిగింది ఒక్కటే కదా, దానికి ఇంత పెద్ద కాగితంలో చోటు లేదా? రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా చేతికిచ్చేదాన్ని, మూత మాత్రం కొంచెం గట్టిగా పెట్టేదాన్ని. మూడో రోజు మా అక్క ఫోన్ చేసి కోపం పోగొట్టింది.

"ఏందే చెల్లె, రైలెక్కనీకి గంత దూరం పోవుడెందుకు? మీ దుబాయ్‌ల రైళ్ళు లేవా?" అంది. మా అక్కకు ఖతార్ ఎప్పుడూ దుబాయే. నేను నవ్వడం విని మా ఆయన పక్క గదిలోంచి నవ్వాడు, దాంతో నా మౌనవ్రతం ముగిసింది. ఊరి నుంచి వచ్చే ఒకరి చేత అక్క రెండు కిలోల అటుకుల చుడువా, ఒక డబ్బా సకినాలు పంపింది. చుడువా అంతా యూరప్ పెట్టెలోనే పెట్టాలని మా ఆయన పట్టుబట్టాడు. అప్పటికి వీసాకు దరఖాస్తే పెట్టలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పెట్టెలు మాత్రం తూకం వేసి సిద్ధంగా ఉన్నాయి.

వెస్ట్ బేలోని వీసా ఆఫీసులో వేలిముద్రలు ఇచ్చిన రోజు, కౌంటరులోని అమ్మాయి మా ఆయన గీతల కాగితం విప్పి చూసి, పక్క కౌంటరు అమ్మాయికి కూడా చూపించింది. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మూడు వారాలకు పాస్‌పోర్టులు వచ్చాయి. వీసా అంటించి ఉంది. ఆ పేజీని పొయ్యి దగ్గర నిలబడి మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తూ పప్పు మాడగొట్టాను. ఆ మాడిన పప్పే ఇద్దరం నవ్వుకుంటూ తిన్నాం.

బుడాపెస్ట్‌లో శుక్రవారం పొద్దున ప్లాన్ ప్రకారం పడుకున్నాం. పన్నెండింటికి కిటికీ తెరిచి చూస్తే వీధి కిటకిటలాడుతోంది. పొద్దుటి నుంచీ అన్నీ తెరిచే ఉన్నాయి. జుమా నమాజయ్యేదాకా దుకాణాలు మూసి ఉండడం మాకు ఎంత అలవాటైపోయిందంటే, ఊరు మారినా మా వారం మారలేదు. శనివారం సాయంత్రం రైల్లో వియన్నా చేరాం. స్టేషన్ బయట కొట్టు కట్టేస్తున్నారు, పాలన్నా కొందామన్నాను.

"రేపంతా షాపింగే గద. ఇప్పుడెందుకు మోసుడు?" అన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరం చెరొక గుడ్డ సంచీ పట్టుకుని బయలుదేరాం. మొదటి కొట్టు మూసి ఉంది. రెండోది మూసి ఉంది. మూడోదాని అద్దానికి ముక్కు ఆనించి చూస్తే లోపల టమాటాలు కనిపిస్తున్నాయి గానీ మనిషి లేడు. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ మా సంచులు చూసి, జాలిపడి, ఆదివారమని, మొత్తం బంద్ అని చేతులూపి చెప్పింది. చిన్నప్పటి నుంచి ఆదివారం బడి లేదని ఎగిరిన వాళ్ళమే ఇద్దరం! తొమ్మిదేళ్ళ గల్ఫు ఆ ముక్కను కూడా తుడిచేసింది. నడివీధిలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను. మ్యూజియాలు తెరిచే ఉంటాయి, కానీ వాటికి సోమ, మంగళవారాల టికెట్లు కొనేసి ఉన్నాయి.

ఆయన తల గోక్కున్నాడు. ఫోను తీసి చూసి, "బ్యాటరీ అయిపోయింది" అన్నాడు. ఆదివారం దోహాలో వారానికి మొదటి రోజు. ఆయన ఫోను అన్నిటికన్నా ఎక్కువ మోగే రోజు. రెండు పవర్ బ్యాంకులు లేకుండా మా వీధి దాటని మనిషి, ఆ రెండూ దోహాలో మరిచిపోయి వచ్చాడట. చార్జరు గదిలో ఉంది, కానీ తెస్తానని అనలేదు.

"ఇగ ఏం జేద్దామే?" అన్నాడు.

"కూసో" అన్నాను.

డాన్యూబ్ నది ఒడ్డున ఒక బెంచీ దొరికింది. ఫ్లాస్కులో చాయ్, సంచిలో బుడాపెస్ట్‌లో కొన్న ఆపిల్ పళ్ళు, మా అక్క చుడువా. పిల్లలు నీళ్ళలోకి దూకుతున్నారు, పైకెక్కి మళ్ళీ దూకుతున్నారు. మా ఆయన చుడువాలో పల్లీలు ఏరి నా చేతిలో పెట్టాడు, చిన్నప్పుడు మా మేనత్త ఇంటి అరుగు మీద పెట్టినట్టే. చాలాసేపయ్యాక, ఆటలు అయిపోతే కంపెనీలో ఎంతమంది మిగులుతారో తెలియదని, భయంగా ఉందని చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట భయమన్న మాట వినడం అదే మొదలు. ఏదైనా ఇద్దరం చూసుకుందాం అన్నాను. సరే అన్నాడు. మధ్యాహ్నం నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు, గురక కూడా పెట్టాడు. నేను కదలకుండా కూర్చున్నాను. నా భుజం తిమ్మిరెక్కింది, అయినా అంత సంతోషంగా ఉన్న రోజు నా జీవితంలో మరొకటి చెప్పమంటే వెతుక్కోవాలి.

దోహాకు తిరిగి వచ్చాక మొదట నా కంటబడింది టీవీ కింది సొరుగులో పవర్ బ్యాంకులే. రెండూ నిండా చార్జి అయి ఉన్నాయి. చూశావా నీ మతిమరుపు అని వాటినీ ఎగతాళిలో కలిపేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. క్లినిక్‌లో చెప్పాను, బిల్డింగులో చెప్పాను, తెలుగువాళ్ళు కలిసిన ప్రతిచోటా చెప్పాను. ఊరందరికీ తేదీలు వేసే ప్లానింగ్ ఇంజనీరు ఆదివారం సంగతి మరిచిపోయాడని! అందరూ నవ్వేవాళ్ళు. ఆయన కూడా తల గోక్కుంటూ నవ్వేవాడు, ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

ఆటలు ఇంకో నెలలో మొదలవుతాయనగా, ఎక్కడ చూసినా జెండాలు కడుతున్న రోజుల్లో, ఏదో మందు కోసం ఫార్మసీకి దిగాను. కౌంటరు దగ్గర నిలబడిన ఇంకొకావిడకు కథంతా మొదటి నుంచి చెప్పాను. మాత్రలు లెక్కపెడుతున్న భాయ్ చేతులు ఆగిపోయాయి.

"ఏం మాట్లాడుతున్నరు భాభీ? ఆ రోజు కింద కరక్ తాగేటప్పుడు నేనే చెప్పిన గద, ఆదివారం నాడు ఆడ సబ్ బంద్ ఉంటది, జర సోంచాయించుకొని పెట్టుకోర్రి అని. మీ ఆయన ఏమన్నడో ఎర్కనా? 'అయితే షాపింగ్ గా రోజే పెడ్త' అన్నడు. ఎందుకని అడిగితే నవ్విండు."

మందు తీసుకున్నానో లేదో గుర్తు లేదు. మెట్రో ఎక్కాను, దిగాను, ఇంటికి వచ్చాను. మా ఆయన చాప మీద కాగితాలు పరుచుకుని, తారు లారీ ఎందుకు రాలేదని ఎవరి మీదనో అరుస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి చేతిలోంచి ఫోను తీసుకుని ఆపేసి, పక్కన పెట్టాను.

"ఏందే? ఏమైంది?" అన్నాడు కంగారుగా.

"ఏం లేదు బావా" అన్నాను. "కూసో."