సీరియల్ మాస్టారి ఇంగ్లీషు క్లాసు

మా స్కూలు ఇంగ్లీషు మాస్టారికి ఒకటే జబ్బు: సీరియల్. పాఠం ఏదైనా సరే, అందులోకి టీవీ అత్తాకోడళ్లు దూరాల్సిందే. ఉత్తరం రాయడం నేర్పాలంటే, కోడలి తరఫున అత్తగారిని క్షమాపణ అడగమనేవారు. వాదన నేర్పాలంటే, పిల్లల్ని రెండు పక్షాలు చేసి పెద్దకోడలి కోసం ఇంగ్లీషులో కొట్టుకోమనేవారు.

ఓరోజు ఎనిమిదో తరగతి మొత్తం "తాళాలు తీసింది నువ్వే!" అని ఇంగ్లీషులో అరుస్తుంటే హెడ్మిస్ట్రెస్ గారు పరిగెత్తుకొచ్చారు.

"ఎవరి తాళాలు పోయాయండీ?"

"అత్తగారివి," అన్నారు మాస్టారు బాధగా.

"మీ అత్తగారు స్కూలుకెందుకొచ్చారు?"

నేను అక్కడ గంట కొట్టి, గదులు ఊడ్చేదాన్ని. పదో తరగతి ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి చదువు మానేశాను. ఈ ఏడాదైనా అది గట్టెక్కకపోతే ఉద్యోగం ఊడుతుందని గుమాస్తా రోజూ గుర్తుచేసేవాడు.

మాస్టారికి అదేం పట్టనట్టే ఉండేది. పొద్దున్నే నా చీపురుకి అడ్డం నిలబడేవారు.

"నిన్న నిద్రపోయానమ్మా. పెద్దకోడలు ఇల్లొదిలి వెళ్లిపోయిందా?"

"లేదండీ, గుమ్మం దాకా వెళ్లి..."

"ఇంగ్లీషులో చెప్పు. పొద్దున్నే తెలుగు వింటే నాకు మళ్లీ నిద్రొస్తుంది."

సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నేలకేసి చూస్తూ రెండు ముక్కలు చెబితే ఆయన ఊరుకుంటేగా! "ఎందుకు ఏడ్చింది? ఎవరు చూశారు? తర్వాత?" ఆయనకి చెప్పాలి కదా అని ఒక్క ఎపిసోడూ మానలేదు. ఏడాది తిరిగేసరికి ఏడుపునే ఇంగ్లీషులో పదకొండు రకాలుగా చెప్పడం వచ్చేసింది.

పరీక్షలో ఒక కుటుంబంలో జరిగిన గొడవ గురించి కథ రాయమన్నారు. నాలుగు పేజీలు నింపి అదనపు కాగితం అడిగాను. కాగితం ఇచ్చినావిడ నన్ను జాలిగా చూసింది.

"మీ ఇంట్లో ఎన్ని గొడవలమ్మా!"

పాసయ్యాను. మార్కుల కాగితం పట్టుకుని మాస్టారింటికి పరిగెత్తాను. ఆయన భార్య తలుపు తీశారు.

"నిన్నటి ఎపిసోడు కూడా చెప్పి పోదామని..." నసిగాను.

"ఎపిసోడా? మా ఇంట్లో టీవీ ఎక్కడిదమ్మా? ఆ చప్పుడు వింటేనే ఆయనకి తలనొప్పి."

"మరి క్లాసులో చెప్పడానికి రోజూ నన్ను..."

"క్లాసులో నలభైమంది చూసొస్తారు. కథ కోసమే అయితే వాళ్లనడిగితే పోయేదిగా!"

లోపల మాస్టారు పేపరు వెనక దొరికిపోయిన దొంగలా కూర్చున్నారు. మార్కులు రెండుసార్లు చూశారు.

"ఏడాదిపాటు ఆ ఏడుపులు భరించాను, ఇక నావల్ల కాదు. రేపట్నుంచి క్రికెట్ చెప్పు."

"నాకు క్రికెట్ తెలీదండీ."

"నాకూ తెలీదు. పై పరీక్షకి ఇంకా రెండేళ్లుందిగా, ఈలోగా తెలుస్తుందిలే."