అక్క కొడుకు తలలో లేని ఎముక

ఆ రోజుల్లో మా హుజూరాబాద్ దిక్కు డాక్టరు చదువుకు పోయినవాడు సెలవులకు ఇంటికొస్తే, చదివింది ఆరు నెలలే అయినా ఊరి దృష్టిలో డాక్టరే. నా దృష్టిలో అంతకంటే ఎక్కువ. హైదరాబాద్ నుంచి ఒక పుర్రెను తువ్వాలలో చుట్టి తెచ్చాను (అవ్వ దాన్ని గడప దాటనియ్యక గొడ్ల కొట్టంలో పెట్టించింది). ఆ కొట్టంలోనే దర్బారు పెట్టి, వచ్చినవాళ్ళకు అతుకులు వేలితో చూపిస్తూ, "తలకు ఎనిమిది, ముఖానికి పద్నాలుగు" అని ఎముకలు అప్పజెప్పేవాణ్ణి.

అప్పుడు అక్క మూడు నెలల కొడుకుతో మా ఇంట్లోనే ఉంది. మొదటి బిడ్డ దక్కలేదు, అందుకని వీణ్ణి కింద పెట్టేది కాదు. ఒక పొద్దున అవ్వ వాడి నడినెత్తిన ఆముదం అద్దుతుంటే నేనూ తల తడిమాను. వేలు మెత్తగా దిగింది. నా పుర్రెకు అక్కడ గట్టి ఎముక ఉంది మరి.

"అక్కా, వీనికి ఈడ ఎముకనే లేదు" అన్నాను.

అవ్వ నవ్వింది. "పసిపోరగాళ్ళకు అందరికి గట్లనే ఉంటదిరా. నీకు గూడ ఉండె. ఏడాది దాటినంక గట్టిపడతది."

"నువ్వేమన్న పుస్తకం చదివినవా?" అన్నాను (పసివాళ్ళ తల గురించిన పేజీలు పరీక్షకు రావని ఎవరో అంటే నేనూ చదవలేదు).

అక్క నవ్వలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి మొదటి బస్సుకే నన్ను వెంటబెట్టుకొని కరీంనగర్ బయల్దేరింది. బస్సు కుదిపినప్పుడల్లా వాడి నెత్తి మీద అరచెయ్యి అడ్డం పెట్టి నా దిక్కు చూసేది.

డాక్టరు తల తడిమి, "మంచిగనే ఉన్నడు. మెదడు పెరగాలె గద, ఎముకలు ఇంకా కలవలే. లేదని ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు.

అక్క నన్నొకసారి చూసి, "ఎవరు చెప్పలే డాక్టర్‌సాబ్. నాకే భయమైంది" అంది.

"చదువులేనోళ్ళతోని గిదే పరేషాన్. ఇంట్ల పెద్దోళ్ళనన్న అడగొద్దా?" అని ఆయన కసిరాడు. అక్క తల వంచుకొని అన్నీ పడింది. నేను పక్కనే నిలబడి నోరు తెరవలేదు.

బయటికొచ్చాక, "నేనే అన్ననని చెప్పకపోయినవా" అని గొణిగాను.

"రేపు నువ్వు గూడ గసొంటి కుర్చీల కూసునేటోనివి. ఆయన ముంగట నీ ఇజ్జత్ ఎట్ల తీస్తరా?" అంది.

ఆ కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఆనాటి నా దర్బారు గుర్తొస్తే ఇప్పుడు నవ్వే వస్తుంది. భయపడి వచ్చిన ఏ తల్లినీ నేను కసరనని జనం నా ఓపికను మెచ్చుకుంటారు. అది అక్క తిన్న తిట్లతో వచ్చిందని వాళ్ళకెట్లా చెప్పను, అక్కకే ఇంతవరకూ చెప్పలేదు.