కుడి నుంచి ఎడమకు సరళక్క

మా అమ్మాయి కొత్త జపాన్ బొమ్మల పుస్తకం కవరు చించగానే సిరా వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఇంకెవరికైనా బాల్యం గుర్తొస్తుందేమో, నాకు మాత్రం కడుపుమంట మొదలవుతుంది. మస్కట్‌లో, రువీ పేటలోని ప్రెస్సులో, నా పక్కబల్ల సరళక్క గుర్తొస్తుంది.

తొంభైల మొదట్లో మా ప్రెస్సు ఒక జపాన్ బొమ్మల కథను గల్ఫు పిల్లల కోసం అరబిక్‌లో అచ్చువేసేది. టీవీలోనూ అదే కథ వచ్చేది కాబట్టి పుస్తకానికి గిరాకీ బాగానే ఉండేది. ఆ పేజీలు కూర్చేది కాకినాడ సరళక్క. ఇంగ్లీషులోనూ తేవాలని మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, ఆశ పుట్టి, ఇంగ్లీషు ఎమ్మే చదివానని, కడపదాన్నైన నన్ను మాటలు రాయడానికి పెట్టుకున్నాడు. ఆ పుస్తకం ఆగితే నేను పెట్టె సర్దుకోవాల్సిందే. అక్కకు ఆ భయం లేదు. పైగా ఆవిడ నవ్వితే యంత్రాలు కూడా మెత్తగా తిరుగుతాయనేవారు. నేను నవ్వితే ఎవరికో మూడిందనేవారు.

జపాన్ పుస్తకం కూడా అరబిక్‌లాగే కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఇంగ్లీషు కోసం పేజీల అచ్చు ఫిల్ములన్నీ తిరగేసి, బొమ్మల్ని అద్దంలో చూసినట్టు అచ్చువేశాం. నమూనా ప్రతి చూస్తూ అర్బాబ్ ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. కథానాయకుడు ఎడమచేత్తో అన్నం తింటున్నాడు!

"మా పిల్లలకు ఇదా నేర్పేది? ఖలాస్, ఆపెయ్యండి!" అని హిందీలో అరిచాడు.

తిప్పితే పుస్తకమంతా తిప్పాలి గానీ, ఏ ఒక్క బొమ్మ మీదా గీత కూడా మార్చకూడదని జపాన్ వాళ్ల షరతు. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు సరళక్క టీ చప్పరిస్తూ, "అసలు తిప్పడం ఎందుకమ్మా? ఇంగ్లీషు మాటలు పెట్టి, పుస్తకం అరబిక్‌లాగే తెరిచేలా వదిలేద్దాం" అంది.

"ఇంగ్లీషు పుస్తకం ఎనకనుంచి ఎవురు సదువుతారక్కా? నీకేమైనా పిచ్చా?" అంటూ గంటసేపు వాదించాను. నా కొంప మునుగుతుంటే ప్రయోగాలా? ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి లేచింది. "నీతో వాదించి గెలిచేదెవరే తల్లీ! రా, పోదాం" అంటూ తిప్పని పేజీలకు నా మాటలు అతికించి, కుట్టి, వాదీ కబీర్ పేటలో మా బిల్డింగు ముందు స్కూలు బస్సు దిగుతున్న తెలుగు పిల్లల చేతిలో పెట్టింది.

ఒకడు ఎడమవైపు నుంచి మొదలుపెట్టి తెల్లమొహం వేశాడు. పక్కనున్న పిల్ల లాక్కుంది. "ఒరేయ్, మన అరబిక్ క్లాసు పుస్తకంలాగరా!" అంది. అంతే, మెట్ల మీదే గుంపుగా కూర్చున్నారు. "తర్వాతేమైంది ఆంటీ? ఇంకోటి ఇవ్వండి" అని కొంగు పట్టుకున్నారు. నా కొంగు కాదు, ఆవిడది. మాటలు రాసింది నేను!

మర్నాడు ఈ సంగతి విని అర్బాబ్ సరేనన్నాడు. పుస్తకం దుకాణాలకెక్కింది. లోపల నా పేరే ఉంది. ప్రెస్సులో జనం మాత్రం సరళక్కనే మెచ్చుకున్నారు. నా ఉద్యోగం నిలబెట్టిన మనిషి మీద అసూయపడడం ఎంత చికాకో పడినవాళ్లకే తెలుస్తుంది. ఆ మంటతోనే ఆవిడను గమనించాను. ఆలోచనను ఆవిడ మాటలతో గెలిపించదు. చదివేవాళ్ల చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

ఇప్పుడు హైదరాబాదులో పిల్లల పుస్తకాలు తయారుచేయిస్తున్నాను. ఎవరైనా వింత ఆలోచనతో వస్తే నా నాలుక దురద పెడుతుంది. పళ్లబిగువున ఆపుకుని, "ముందు పిల్లలకిచ్చి చూద్దాం" అంటాను. మేడమ్‌కు ఎంత ఓర్పో అని ఆఫీసులో పేరొచ్చింది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇక్కడ కూడా మెప్పు సరళక్కకే పోతోంది.