నాన్న నీలం అద్దం

మా చిన్నప్పుడు... తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు ఇనుము పాఠం చెబుతూ మధ్యలో ఆగి, "కరిగిన ఇనుముని చూసినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు. అందరం సెక్టర్ 4 క్వార్టర్ల తెలుగు పిల్లలం... అందరి నాన్నలూ ఈ హిందీ ఊరి స్టీలు ప్లాంటులోనే. ఒక్క చెయ్యీ లేవలేదు.

మర్నాడు నాన్నకి వీక్లీ ఆఫ్. కొలిమిలోకి కళ్ళు మాడకుండా చూడటానికి ఆయన దగ్గర ఒక నీలం అద్దం ఉండేది. చెప్పకుండా దాన్ని టిఫిన్ సంచీలో పెట్టుకుని స్కూలుకి పట్టుకుపోయాను. ఒకరి మొహం ఒకరు నీలంగా చూసుకుని తెగ నవ్వుకున్నాం.

తీరా చూస్తే, మనిషి తక్కువయ్యాడని నాన్నకి డ్యూటీకి రమ్మని కబురొచ్చిందట. ఇల్లంతా వెతికి, సైకిలు మీద తిన్నగా మా క్లాసుకే వచ్చేశాడు. గుమ్మంలో ఆయన్ని చూడగానే వీపు విమానం మోతే అనుకున్నాను.

మాస్టారు నా దగ్గర అద్దం తీసుకుని నాన్న చేతికిచ్చి, దాంతోపాటు చాక్‌పీసు కూడా ఇచ్చారు. "ఐదు నిమిషాలు పిల్లలకి చెప్పండి బాబూ" అన్నారు.

"నాకేటి తెల్సు సారూ... నాను సదివింది ఐదే" అని నాన్న నసిగాడు.

అయినా చెప్పాడు. "అన్నం ఉడికిందో లేదో మీ అమ్మ మెతుకు పట్టి సూస్తాది కదా... మేం ఈ అద్దంలోంచి రంగు సూస్తాం" అన్నాడు. బోర్డు మీద కొలిమి వంకరగా గీశాడు. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. డ్యూటీకి ఆలస్యమై తిట్లు తిన్నాడు. ఇంటికొచ్చి నన్నేమీ అనలేదు. అమ్మతో మాత్రం "సారు నన్ను కుర్సీలో కూకోమన్నారే" అని మూడుసార్లు చెప్పాడు.

ఇప్పుడు నేనూ హైస్కూల్లో సైన్సు టీచర్నే. పాఠాన్ని జీవితంతో ముడిపెట్టమని మాకు ట్రైనింగులు... ముడిపెట్టినట్టు ఫోటో తీసి అప్‌లోడ్ చెయ్యాలి. ఆ ఫారాలు నింపేసరికే ఓపిక అయిపోతోంది.

మొన్న అదే ఇనుము పాఠానికి ఖుర్సీపార్ బస్తీ నుంచి వచ్చే పిల్ల ఒకత్తె థర్మాకోల్ కొలిమి తెచ్చింది... సుపేలా బజార్లో కొన్నది. వాళ్ళ నాన్న ప్లాంటులోనే ఠేకేదారు కింద, కాంట్రాక్టు మీద పనిచేస్తాడట. ఏం పని అని అడిగాను.

"పతా నహీ మేడమ్... నాకెప్పుడూ చెప్పలేదు, వచ్చి పడుకుంటారు" అంది. మళ్ళీ తనే, "సోమవారం పాపాకి ఛుట్టీ, ఇంట్లోనే ఉంటారు. నాన్నని క్లాసుకి తీసుకురానా మేడమ్?" అంది.

పర్మిషన్ అడగాలి, సిలబస్ వెనకబడింది, పరీక్షలు నెత్తిమీదున్నాయి... "ఫిర్ కభీ, బేటా... ఇంకెప్పుడైనా చూద్దాం" అనేశాను. ఆ పిల్ల తలూపి కూర్చుంది. థర్మాకోల్‌కి ఫోటో తీసి పదికి పది వేశాను. సిగ్గుగా ఉంది.

నాన్న అద్దం నా బీరువాలోనే ఉంది. మాస్టారి చాక్‌పీసు నా చేతికొచ్చి ఇన్నేళ్ళయినా, ఇంతవరకూ ఎవరి నాన్నకీ ఇవ్వలేదు...

మీ క్లాసుకి ఎప్పుడైనా ఎవరి నాన్నో, అమ్మో వచ్చి పాఠం చెప్పారా? ఉంటే కింద రాయండి... సోమవారం లోపు రాస్తే, ఆ పిల్లని మళ్ళీ పిలిచి, మీ నాన్నని తీసుకురా అని చెప్పడానికి నాకు కాస్త ధైర్యం వస్తుంది.